రేణిగుంట విమానాల వేళలు చూపే తెర: ఏ సమాచారం తీసుకోవాలి, ఏ ప్యానెల్ కొనాలి?

తిరుపతిలో హోటల్, లాడ్జి, కల్యాణ మండపం లేదా ట్రావెల్స్ కార్యాలయం నడుపుతూ, తమ ముందు హాలులో రేణిగుంట విమానాశ్రయపు రాకపోకలను ఎప్పటికప్పుడు చూపే తెర పెట్టదలచుకున్నవారి కోసం ఈ పోలిక రాస్తున్నాను. ఇలాంటి తెర గురించి అడగగానే అమ్మకందారు ముందుగా మాట్లాడేది ప్యానెల్ ఎన్ని అంగుళాలనే విషయం. ఆ తరువాత మెరుపు, ధర, వారంటీ వస్తాయి. తెర మీద కనిపించే సమయం ఎక్కడి నుంచి వస్తుంది, అది ఎంత తాజాది, రావడం ఆగిపోతే ఏం జరుగుతుంది అన్న మూడు ప్రశ్నలు చివరికి మిగులుతాయి, లేదా అసలు రావు. ఈ వరుసను తిరగేయాలన్నదే నేను చెప్పదలచుకున్నది. డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు తెర చిన్నదైనా ఫరవాలేదు గాని, సమాచారం నమ్మదగినదై ఉండాలి. తప్పు వేళ చూపే పెద్ద తెర కంటే తెర లేకపోవడమే యాత్రికుడికి మేలు.

మన ఊరి అవసరం ఇతర నగరాల అవసరం లాంటిది కాదని మొదట గుర్తించాలి. విమానాశ్రయం తిరుపతికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో రేణిగుంట దగ్గర ఉంది. ఇప్పుడు వాడుకలో ఉన్న గరుడ టెర్మినల్ 2015 అక్టోబరులో ప్రారంభమైంది. విమానం ఎక్కవలసిన వ్యక్తి మాత్రం చాలాసార్లు కొండ మీద ఉంటాడు. శ్రీవారి ఆలయంలోకి సెల్‌ఫోన్లు అనుమతించరు కాబట్టి దర్శనానికి వెళ్లినవారి ఫోన్లు గంటల తరబడి డిపాజిట్ కౌంటరులోనే ఉండిపోతాయి. విమానం ఆలస్యమని లేదా రద్దయిందని విమాన సంస్థ పంపిన సందేశం ఆ సమయంలో వచ్చినా చూసేవారుండరు. బృందంగా వచ్చిన పెద్దవారి టిక్కెట్లు సాధారణంగా వేరే ఊళ్లో ఉన్న కొడుకో మేనల్లుడో తీసి ఉంటారు, సందేశాలు కూడా ఆ నంబరుకే వెళ్తాయి. అందువల్ల కొండ దిగి గదికి వచ్చిన యాత్రికుడికి మీ ముందు హాలులోని తెరే మొదటి కబురు కావచ్చు. ఆ బాధ్యతను దృష్టిలో పెట్టుకునే ఎంపిక చేసుకోవాలి.

సమాచారం ఎక్కడి నుంచి తీసుకోవాలి?

విమానాశ్రయంలోని తెరలకు సమాచారం అందించేది ఒక కేంద్ర డేటాబేస్. విమాన సంస్థలు ఇచ్చిన షెడ్యూలు, మారిన అంచనా వేళలు, విమానం నేల తాకిన సమయం, గేటు, లగేజీ బెల్టు సంఖ్య అన్నీ అందులో చేరుతాయి. తెరలు దాన్ని చదివి చూపుతాయి. ఈ వ్యవస్థల మధ్య మార్పిడికి అంతర్జాతీయ విమాన రవాణా సంఘం ఆమోదించిన ఏఐడీఎక్స్ అనే ప్రమాణం ఉంది. బయట ఉన్న హోటల్‌కు ఈ డేటాబేస్‌లోంచి నేరుగా సమాచారం దొరికితే అంతకంటే మంచి ఎంపిక లేదు, ఎందుకంటే గేటు మార్పు, రద్దు లాంటి నిర్ణయాలు మొదట నమోదయ్యేది అక్కడే. అయితే అది అడగ్గానే అందేది కాదు. దానికి విమానాశ్రయ ప్రాధికార సంస్థ అనుమతి, లిఖితపూర్వకమైన ఒప్పందం కావాలి. విమానాశ్రయానికి ఆనుకుని పెద్ద హోటల్ కట్టేవారు, ఒకేసారి అనేక భవనాలలో తెరలు పెట్టే సంస్థలు ఈ ప్రయత్నం తప్పక చేయాలి. ఇరవై గదుల లాడ్జికి ఆ శ్రమ అక్కరలేదు.

మిగిలిన మార్గాలలో అన్నిటికంటే చవకైనది, విమానాల పట్టికను చేత్తో టైపు చేసి తెర మీద ఉంచడం. దీన్ని నేను ఎవరికీ సూచించను. విమానాల షెడ్యూలు ఏడాదికి రెండుసార్లు, మార్చి చివరి ఆదివారం నాడూ అక్టోబరు చివరి ఆదివారం నాడూ మారుతుంది. మధ్యలో కూడా సర్వీసులు చేరుతూ పోతూ ఉంటాయి. టైపు చేసిన వ్యక్తి ఉద్యోగం మానేసిన తరువాత కూడా ఆ పట్టిక గోడ మీద వెలుగుతూనే ఉంటుంది. పైగా తెర మీద అక్షరాలు మెరుస్తుంటే చూసేవారు అది తాజా సమాచారమనే నమ్ముతారు. మారని పట్టికే పెట్టాలనుకుంటే దాన్ని కాగితం మీద ముద్రించి, ఏ తేదీ నాటిదో రాసి అంటించడం నిజాయితీగల పని.

రెండవది, ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ లాంటి సేవల వెబ్ పేజీని టీవీలో తెరిచి ఉంచడం. చూడటానికి బాగుంటుంది, పటం మీద విమానం కదులుతుంటే పిల్లలు నిలబడి చూస్తారు. కాని ఉచిత ఖాతాతో తెరిచిన పేజీని వ్యాపార స్థలంలో అందరికీ చూపడానికి ఆ సేవల నిబంధనలు సాధారణంగా ఒప్పుకోవు, అందుకు వేరే ప్లాన్ తీసుకోవాలి. పేజీ మధ్యలో ప్రకటనో, మళ్లీ లాగిన్ కమ్మనే పెట్టో వచ్చి నిలిచిపోతే తెరను చూసుకునేవారు ఉండరు. అక్షరాలు దగ్గర నుంచి చదివే పరిమాణంలో ఉంటాయి, తెలుగు ఉండదు. వ్యాపార ప్లాన్ తీసుకున్నా ఇది ఆకర్షణకే పనికివస్తుంది, నిర్ణయానికి కాదు.

మూడవ మార్గం సాంకేతికంగా నాకు ఎంతో ఇష్టమైనది కాబట్టి దాని పరిమితులను కొంచెం వివరంగా చెప్పాలి. విమానాలు తమ స్థానాన్ని, ఎత్తును, వేగాన్ని 1090 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం మీద నిరంతరం ప్రసారం చేస్తుంటాయి. దీన్నే ఏడీఎస్-బీ అంటారు. మేడ మీద చిన్న యాంటెన్నా, దానికొక రిసీవర్, రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ ఉంటే ఆ సంకేతాలను అందుకోవచ్చు. అయితే ఈ సంకేతం నేరుగా కనిపించే దారిలోనే ప్రయాణిస్తుంది, తిరుపతికి ఉత్తరాన శేషాచలం కొండలు గోడలా నిలిచి ఉన్నాయి. కొండ అంచు మన మేడ నుంచి చూస్తే పది డిగ్రీల ఎత్తులో ఉందనుకుంటే, ఆరు కిలోమీటర్ల ఎత్తున ఎగిరే విమానం కూడా సుమారు 35 కిలోమీటర్ల దగ్గరికి వచ్చేదాకా ఆ కొండ చాటునే ఉంటుంది. హైదరాబాదు వైపు నుంచి వచ్చే విమానం మీ తెర మీదికి వచ్చేసరికి అది దాదాపు దిగబోతూ ఉంటుందన్నమాట. అంతకంటే ముఖ్యమైన లోపం మరొకటి ఉంది: ఏడీఎస్-బీ విమానం ఎక్కడుందో చెబుతుంది గాని, బయలుదేరని విమానం ఎందుకు బయలుదేరలేదో, రద్దయిందో, ఆలస్యమో చెప్పదు. యాత్రికుడు తెలుసుకోగోరేది ఆ సంగతే. ఇలాంటి రిసీవర్ల సమాచారాన్ని కలిపి ఇచ్చే ఓపెన్‌స్కై నెట్‌వర్క్ ఉచిత సేవ కూడా పరిశోధన లాంటి వ్యాపారేతర అవసరాలకే ఉద్దేశించినది.

నాలుగవది, డబ్బు చెల్లించి ఏపీఐ (ఒక కంప్యూటర్ మరొక కంప్యూటర్‌ను సమాచారం అడిగి తెచ్చుకునే మార్గం) ద్వారా విమానాల స్థితిని తెచ్చుకోవడం. ఫ్లైట్‌అవేర్, సిరియం లాంటి సంస్థలు విమాన సంస్థల షెడ్యూళ్లను, విమానాశ్రయాల సమాచారాన్ని, ఏడీఎస్-బీ సంకేతాలను కలిపి ఒకే రూపంలో ఇస్తాయి. తిరుపతిలోని మధ్యతరహా హోటల్‌కు నా దృష్టిలో సరైన ఎంపిక ఇదే. ఇక్కడ ఖర్చు ఎన్నిసార్లు అడిగామన్నదాన్ని బట్టి పెరుగుతుంది. ఉదయం 5 నుంచి రాత్రి 11 వరకు ప్రతి 5 నిమిషాలకు రాకలను ఒకసారి, పోకలను ఒకసారి అడిగితే రోజుకు 432, నెలకు 12,960 విన్నపాలవుతాయి. ప్రతి తెర విడివిడిగా అడిగితే ఇది తెరల సంఖ్యతో హెచ్చిపోతుంది. కాబట్టి ఒక కంప్యూటరే అడిగి, వచ్చిన జవాబును తన దగ్గర దాచి, తెరలన్నిటికీ పంచే ఏర్పాటు ఉన్న సాఫ్ట్‌వేర్‌నే తీసుకోవాలి. రేణిగుంటకు వచ్చే విమానాలు పెద్ద నగరాలతో పోలిస్తే తక్కువ గనుక, ఏ విమానమూ దగ్గరలో లేని వేళల్లో పావుగంటకొకసారి, విమానం వేళకు ముందు రెండు గంటల్లో రెండు నిమిషాలకొకసారి అడిగేలా అమర్చుకుంటే అవసరమైన వేళల్లో తాజాదనం పెరుగుతుంది.

ఈ సేవలు వేళలను సాధారణంగా సార్వత్రిక కాలమానంలో ఇస్తాయి, మన కాలమానం దానికి అయిదున్నర గంటలు ముందుంటుంది. 01:10 అని వచ్చినది మనకు 06:40. తెల్లవారుజామున 5:30కి ముందు వేళలకు తేదీ కూడా మారుతుంది. ఈ లెక్క తప్పిన పట్టికలో నేటి విమానం నిన్నటి వరుసలో కనిపిస్తుంది.

సమాచార సేవను ఎంచేటప్పుడు మరొక పరీక్ష చేయండి. రేణిగుంటకు వచ్చే విమానాలలో చాలావరకు వచ్చిన విమానమే కొద్దిసేపు ఆగి తిరిగి వెళ్తుంది. అందువల్ల హైదరాబాదులో ఆలస్యంగా లేచిన విమానం ఇక్కడి నుంచి కూడా ఆలస్యంగానే లేస్తుంది. రాబోయే విమానానికీ పోవలసిన విమానానికీ ఉన్న ఈ సంబంధాన్ని చెప్పగలిగే సేవ, ఆలస్యాన్ని విమాన సంస్థ అధికారికంగా ప్రకటించక ముందే సూచించగలదు. దొరికితే ఆ సదుపాయానికి కొంత ఎక్కువ చెల్లించడం సమంజసమే.

తెర మీద ఏ వేళ చూపాలి?

విమానాశ్రయంలోని తెర నమూనాను యథాతథంగా హోటల్‌లో పెట్టడం సరికాదు. అక్కడివాడికి గేటు కావాలి, ఇక్కడివాడికి ఎప్పుడు బయలుదేరాలో కావాలి. గేటు, బెల్టు గడులు తీసేసి ఆ చోట ‘ఇక్కడి నుంచి బయలుదేరవలసిన వేళ’ అనే గడి పెట్టమని గట్టిగా చెబుతాను. దేశీయ విమానాలకు చాలా సంస్థలు బయలుదేరే వేళకు 60 నిమిషాల ముందే చెక్-ఇన్ కౌంటరు మూసేస్తాయి, రెండు గంటల ముందు చేరుకోమని సలహా ఇస్తాయి. 18:40 విమానానికి తిరుపతి బస్టాండు ప్రాంతం నుంచి 16:00 గంటలకు కదిలితే నిశ్చింత. కొండ మీద నుంచి నేరుగా వెళ్లేవారికి ఘాట్ రోడ్డు దిగడానికే ముప్పావు గంట పడుతుంది కాబట్టి 15:00 గంటలు అని వేరే వరుసలో చూపవచ్చు. బ్రహ్మోత్సవాల రోజుల్లో, వైకుంఠ ఏకాదశి రద్దీలో ఈ వ్యవధిని పెంచే వీలు మీ చేతిలో ఉండాలి.

ఈ గడిలో చాలా సాఫ్ట్‌వేర్లు చేసే ఒక ప్రమాదకరమైన లెక్క ఉంది. విమానం గంట ఆలస్యమని తెలియగానే బయలుదేరవలసిన వేళను కూడా గంట తరువాతికి జరుపుతాయి. చూడటానికి సబబుగానే అనిపిస్తుంది. కాని విమాన సంస్థ కౌంటరును మొదటి వేళ ప్రకారమే మూసేయవచ్చు, ఆలస్యం మధ్యలో తగ్గిపోనూవచ్చు. తెరను నమ్మి గదిలో కూర్చున్న కుటుంబానికి విమానం తప్పిపోతే ఆ నష్టాన్ని ఎవరూ పూడ్చలేరు. బయలుదేరవలసిన వేళను ఎప్పుడూ షెడ్యూలు వేళ నుంచే లెక్కించాలి. ఆలస్యాన్ని పక్కన సమాచారంగా మాత్రమే చూపాలి. ఈ విషయంలో అమ్మకందారు ఒప్పుకోకపోతే వేరొకరిని చూసుకోవడం మంచిది.

వేళలను 24 గంటల పద్ధతిలోనే ఉంచండి. టిక్కెట్టు మీద అలాగే ఉంటుంది, రైల్వే టైం టేబుల్ పుణ్యమా అని మనవారికి ఆ పద్ధతి బాగా అలవాటే. స్థితిని రంగుతో మాత్రమే చెప్పకుండా ‘సమయానికే’, ‘ఆలస్యం’, ‘రద్దు’, ‘మళ్లింపు’ అని మాటల్లో కూడా రాయాలి, ఎరుపు ఆకుపచ్చల తేడా కనిపించనివారు ఉంటారు. ‘మళ్లింపు’ అన్నది అరుదుగా వాడే మాట అనుకోవద్దు. నవంబరు, డిసెంబరు నెలల ఈశాన్య రుతుపవనాల వానల్లో దాని అవసరం వస్తుంది. తిరుపతి నీట మునిగిన 2021 నవంబరు లాంటి రోజులను మనసులో పెట్టుకుని తెర నమూనా గీయాలి.

సమాచారం ఆగిపోయినప్పుడు

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌లో వచ్చిన ఒక లోపభూయిష్టమైన నవీకరణ వల్ల ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ రోజు హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అంత పెద్ద వ్యవస్థలకే అలాంటి రోజు వచ్చినప్పుడు మన లాడ్జిలోని తెరకు రాదనుకోలేము. తేడా ఏమిటంటే, నీలి రంగుకు తిరిగి ఆగిపోయిన తెరను చూసి జనం కనీసం వేరే చోట అడుగుతారు. పాత వేళలను ప్రశాంతంగా చూపుతున్న తెరను ఎవరూ అనుమానించరు.

కాబట్టి రెండు సదుపాయాలు లేని సాఫ్ట్‌వేర్ ఎంత చవకైనా వద్దు. మొదటిది, చివరిసారి సమాచారం వచ్చిన సమయం తెర మూలన స్పష్టంగా కనబడాలి. రెండవది, నిర్ణీత వ్యవధి, ఇరవై నిమిషాలనుకోండి, దాటినా కొత్త సమాచారం రాకపోతే వేళలన్నీ తొలగిపోయి ‘తాజా సమాచారం అందడం లేదు, రిసెప్షన్‌లో అడగండి’ అన్న వాక్యం దానంతట అదే రావాలి. రిసెప్షన్‌లో ఉన్నవారి దగ్గర ఆయా విమాన సంస్థల ఫోన్ నంబర్లు రాసిన కాగితం ఉండాలన్నది కూడా ఈ ఏర్పాటులో భాగమే.

ప్యానెల్, తెలుగు అక్షరం

ప్యానెళ్లలో ఇంటి టీవీ, వాణిజ్య ఎల్‌సీడీ, ఎల్‌ఈడీ గోడ అని మూడు రకాలు మీ ముందుకు వస్తాయి. ఇంటి టీవీల వెలుగు సాధారణంగా 250 నుంచి 350 నిట్లు (తెర వెలుగును కొలిచే ప్రమాణం) ఉంటుంది, రోజంతా వెలిగేందుకు అవి తయారైనవి కావు, వ్యాపార స్థలంలో వాడితే వాటి వారంటీ చాలా సందర్భాల్లో వర్తించదు. నిలువుగా తిప్పి బిగిస్తే లోపలి వేడి బయటికి పోయే దారి మారిపోతుంది. వాణిజ్య ప్యానెల్ ధర దాదాపు రెట్టింపు ఉన్నా రోజుకు 16 గంటలు లేదా 24 గంటలు నడవగలదని తయారీదారు రాసి ఇస్తాడు, 500 నిట్లు, అంతకు మించిన వెలుగు ఉన్నవి కూడా దొరుకుతాయి. రిసెప్షన్ లోపలి గోడకు ఇది చాలు. ఓఎల్‌ఈడీ మాత్రం వద్దు, కదలని గీతలు, శీర్షికలు కొన్నాళ్లకు దాని మీద మచ్చలుగా నిలిచిపోతాయి.

మన ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. వేసవిలో తిరుపతి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, లోపల వాడే ప్యానెళ్లకు తయారీదారులు సాధారణంగా చెప్పే గరిష్ఠ పరిమితి కూడా 40 డిగ్రీలే. వీధివైపు తెరిచి ఉన్న వరండాలో పడమటి ఎండ తగిలేచోట పెడితే ద్రవస్ఫటిక పొర వేడెక్కి తెర మీద నల్లటి మచ్చలు వస్తాయి. అక్కడే పెట్టక తప్పదంటే 2,500 నిట్లకు పైబడిన, ఎండకు తట్టుకునే ప్యానెల్ కొనాలి, లేదా తెరను లోపలికి జరపాలి. నేనైతే జరుపుతాను.

ఎల్‌ఈడీ గోడ దూరానికి మెరుస్తుంది, అతుకులు లేకుండా ఎంత పెద్దదైనా కట్టవచ్చు. కాని మన లిపికి అది అంతగా నప్పదు. చుక్కకూ చుక్కకూ 4 మిల్లీమీటర్ల ఎడం ఉన్న ఎల్‌ఈడీ పలక మీద 4 సెంటీమీటర్ల అక్షరానికి పది చుక్కలే దొరుకుతాయి. ఇంగ్లిష్ పెద్దక్షరాలు పది చుక్కల్లో చదవగలం. ‘విశాఖపట్నం’లోని నావత్తు, ‘రాజమహేంద్రవరం’లోని క్రావడి పది చుక్కల్లో ముద్దగా మారిపోతాయి. 55 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఎల్‌సీడీలో ఒక చుక్క పరిమాణం సుమారు 0.63 మిల్లీమీటర్లు, అదే 4 సెంటీమీటర్ల అక్షరానికి 63 చుక్కలు వస్తాయి. తెలుగులో చదివించాలనుకునేవారికి ఈ ఒక్క లెక్కతోనే ఎంపిక తేలిపోతుంది.

పరిమాణం విషయంలో, పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం అన్న బోర్డులు రాసేవారి లెక్క మనకు సరిపోతుంది. 55 అంగుళాల తెర ఎత్తు సుమారు 68 సెంటీమీటర్లు. శీర్షికకు ఒకటి, విమానాలకు ఏడు వరుసలు వేస్తే ఒక్కో వరుస ఎనిమిదిన్నర సెంటీమీటర్లు అవుతుంది. పైన గుడులకు, కింద వత్తులకు చోటు వదిలితే అసలు అక్షరానికి మిగిలేది నాలుగు సెంటీమీటర్లే, అంటే హాయిగా చదవగల దూరం పదిహేను పదహారు అడుగులు. వరుసల మధ్య ఎడాన్ని ఇంగ్లిష్‌కు సరిపెట్టి తయారుచేసిన నమూనాల్లో పై వరుస వత్తులు కింది వరుస తలకట్లకు తగులుతాయి, కొనే ముందు తెలుగు పేర్లతోనే చూపించమనండి. నోటో సాన్స్ తెలుగు లాంటి ఉచిత ఫాంటు వెబ్ బ్రౌజర్ మీద నడిచే సాఫ్ట్‌వేర్‌లో చక్కగా కనిపిస్తుంది. పాత ఎల్‌ఈడీ కంట్రోలర్లు మాత్రం అక్షరానికీ వత్తుకూ పొందిక కుదర్చలేక విడివిడిగా పడేస్తాయి. తమిళనాడు, కర్ణాటకల నుంచి వచ్చేవారు కూడా ఎక్కువే కాబట్టి తెలుగు, ఇంగ్లిష్‌లను ఒకే వరుసలో పక్కపక్కన ఉంచి, తమిళం, కన్నడం, హిందీలను స్థితి తెలిపే మాటలకు మాత్రం వంతులవారీగా మార్చడం మంచి పద్ధతి. తెర మొత్తం పది సెకన్లకొకసారి భాష మారిస్తే చదువుతున్న వరుస మధ్యలో మాయమై పెద్దవారు విసిగిపోతారు.

తెర వెనుక పెట్టే కంప్యూటర్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఒకే తెరకు రాస్ప్‌బెర్రీ పై చాలు, అయితే కరెంటు హఠాత్తుగా పోతే దాని మెమరీ కార్డు పాడయ్యే అవకాశముంది కనుక కార్డు మీద ఏదీ రాయని పద్ధతిలో అమర్చమని అడగాలి. చవక ఆండ్రాయిడ్ పెట్టెలకు నవీకరణలు త్వరగా ఆగిపోతాయి. నాలుగైదు తెరలుంటే చిన్న పీసీ, దాని మీద జిబో లాంటి ఓపెన్ సోర్స్ నిర్వహణ సాఫ్ట్‌వేర్ సరిపోతాయి. కంప్యూటర్‌ను, ఇంటర్నెట్ రౌటర్‌ను ఇన్వర్టరుకు కలపడం తప్పనిసరి. 55 అంగుళాల వాణిజ్య ప్యానెల్ 120 వాట్లు తీసుకుంటుందనుకుంటే రోజుకు 18 గంటల చొప్పున నెలకు సుమారు 65 యూనిట్లవుతాయి, దాన్ని కూడా ఇన్వర్టరు మీద పెట్టాలా అన్నది మీ బ్యాటరీని బట్టి నిర్ణయించుకోవచ్చు.

డబ్బు చెల్లించే ముందు, బిగించినవారి సమక్షంలోనే మూడు పనులు చేయండి. ఇంటర్నెట్ తీగ లాగేసి, వేళలు తొలగి హెచ్చరిక ఎన్ని నిమిషాల్లో వస్తుందో చూడండి. మెయిన్ స్విచ్ ఆపి వేసి, ఎవరూ ముట్టుకోకుండా తెర దానంతట అదే పట్టికకు తిరిగి వస్తుందో లేదో చూడండి. ఆలస్యంగా నడుస్తున్న విమానం ఒకటి దొరికేదాకా ఆగి, ‘బయలుదేరవలసిన వేళ’ గడి కదలకుండా ఉందో లేదో చూడండి. మూడూ నెగ్గాకే మిగిలిన సొమ్ము ఇవ్వండి. ఏపీఐ ఖాతా మాత్రం బిగించినవారి పేరు మీద కాక మీ సంస్థ పేరు మీదే ఉండేలా మొదటి రోజే రాయించుకోండి.